మూడు సూతులు

జోగమ్మ సంచి సర్దుతోంది.

గోవిందరావు ముప్పై ఆరేళ్లు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి టిఫిను పట్టుకెళ్లిన ఖాకీ సంచి అది. అడుగున పాత నేతచీర నాలుగు మడతలు వేసి పరిచింది. దాని మీద అల్యూమినియం గిన్నె పెట్టింది. గిన్నెలో మేరీ బిస్కట్ల పొట్లం, పక్కన గుడ్డలో చుట్టిన గంజి సీసా. ఒక పసుపుకొమ్ము చీర మడతలో దోపింది. ఎవరైనా నవ్వుతారేమోనని తీసేసింది. మళ్లీ దోపింది.

గిన్నె మూత మాత్రం పొయ్యిగట్టు మీద బోర్లించింది.

ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా జోగమ్మ జతలో ఒకటి ఇంట్లో ఉంచుకుంటుంది. గిన్నె వెళితే మూత ఉండాలి. తాళం వెళితే రెండు చెవుల్లో ఒకటి ఉండాలి. ఇంట్లో సగం మిగిలితే, బయటికి వెళ్లిన సగం దాన్ని వెతుక్కుంటూ వస్తుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మూడుసార్లు వమ్మయింది, వెళ్లినవాళ్లు రాలేదు. ఆ మూడు సంచుల మాట ఆమె ఎత్తదు.

"మూత ఏదే?" అన్నాడు గోవిందరావు. గుమ్మంలో కూర్చుని కుక్క మెడపట్టీకి కొత్త బెజ్జం పొడుస్తున్నాడు.

"ఇంట్లో ఉంటాది."

"కుక్కకి కూడానేటి?"

"ఎల్లినోళ్లు ఎవులైనా ఎల్లినోళ్లే."

"మలంచాకే ఎల్తన్నాది. కాశీకి కాదు."

కుక్క జోగమ్మ మోకాలికి ఆనుకుని పడుకుని ఉంది. పచ్చగా దూడంత ఉంటుంది. లేచినప్పుడు వెనక ఎడమకాలు నేలకి ఆనించదు, గోళ్ల కొసలు తాకించి తీసేస్తుంది. కాలుతున్న పెనం మీద అడుగు వేసినట్టు. దాని అసలు పేరు డచెస్. బంగళా మేమ్‌సాహెబ్ పెట్టిన పేరు. ఆ బంగళాలో ఆరేళ్లు వంట చేసిన జోగమ్మకి నోరు తిరక్క దచ్చమ్మ అయింది. కుక్క రెండు పేర్లకీ పలికేది. ఈ మధ్య రెండోదానికే పలుకుతోంది.

దసరా పూజలు అయిపోయిన సోమవారం నాడు సాహెబ్‌కి బిలాస్‌పూర్ బదిలీ. జీపు ఎక్కుతూ మేమ్‌సాహెబ్ తాడు కొస జోగమ్మ చేతికి ఇచ్చింది. కుంటిదాన్ని కొత్త ఊరికి ఎలా తీసుకెళ్లడం, కొన్నాళ్లు చూడు, అంది. తర్వాత, "ఆషి," అంది. మనం వెళుతూ వస్తాను అన్నట్టే బెంగాలీ వాళ్లు ఆషి అంటారు.

"మాటవరసకి అన్నాదే. నువ్వు అనవేటి?" అని గోవిందరావు చాలాసార్లు చెప్పాడు.

"నాను అంటే వొస్తాను," అనేది జోగమ్మ.

ఆవిడా వచ్చేలాగే ఉంది. పోయిన వారం ఉత్తరం రాసింది. అది గోడ మేకుకి గుచ్చి ఉంది. ఫిబ్రవరి పంతొమ్మిదిన, ఆదివారం, మెయిలులో వస్తుంది. కుక్క సరిగ్గా నడుస్తుంటే తనతో తీసుకెళుతుంది. అప్పటికీ కుంటుతూనే ఉంటే బాధ పెట్టడం పాపం, డాక్టరు చేత సూది వేయించేస్తుంది. రెండే ముక్కలు. గోవిందరావు చదివి వినిపించినప్పుడు జోగమ్మ మళ్లీ చదవమంది. రెండోసారీ అవే ముక్కలు.

బాగైతే ఆవిడది. బాగవకపోతే ఎవరిదీ కాదు.

"ఎలాగూ మనకుండదు కదే," అన్నాడు గోవిందరావు ఆ రాత్రి. "మరెందుకీ ఆపరేషను?"

"బతికుంటే బిలాసుపూర్లో ఉన్నాదని అనుకుంటాను. అది సాల్దేటి?"

ఇప్పుడు సైకిలు బండి వీధిలోకి వచ్చి ఆగింది. ఇద్దరూ కలిసి కుక్కని ఎత్తి పలక మీద పడుకోబెట్టారు. ఎదురింటి చిలకమ్మ చీపురు ఆపి గుమ్మంలోకి వచ్చింది.

"ఏటప్పా, సంచీ సదిరినావు, కూతుర్ని కాపరానికి అంపుతన్నావేటి?"

"కాపరానికి కాదే, కాలికి."

"కుక్కకి కాలు ఆపరేషనా! నా మోకాళ్లు రెండూ పోయి మూడేళ్లయినాది, ఒక్కడైనా అడిగినాడా?"

"నువ్వూ ఎక్కీ. పక్కన సోటున్నాది," అన్నాడు గోవిందరావు.

ఝపటాపూర్ సందు చివరిదాకా చిలకమ్మ నవ్వు వినిపించింది.

మలంచా రోడ్డు మీద బస్సులు ఆగే చోటుకి కాస్త ఇవతల, రెండు గదుల పశువుల ఆసుపత్రి. డాక్టరు ఈశ్వరప్రసాద్ రైల్వే స్కూల్లో తెలుగు మేష్టారు పరబ్రహ్మం గారి అబ్బాయి. ముప్పై ఏళ్లుంటాయి. కలకత్తాలో చదివి వచ్చాడు. మాట్లాడేటప్పుడు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు, భయపడినప్పుడు కూడా తుడుస్తాడు. ఆ రోజు చాలాసార్లు తుడిచాడు.

కుక్కకి మత్తిచ్చి, పక్క సందులోని ఎక్స్‌రే షాపులో మనుషుల పని అయ్యాక ఫొటో తీయించాడు. సాయంత్రం తడి ఆరని ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. తెల్లటి ఎముకల పక్కన గుండ్రంగా ఇంకో తెల్లటి మచ్చ ఉంది.

"ఇదేటి బాబూ, కాల్లో?" జోగమ్మ ఆ మచ్చ మీద వేలు పెట్టింది.

"రూపాయి బిళ్ల, పిన్నీ. నేనే పక్కన పెట్టాను. ఫిల్ములో ఎముక ఉన్నదానికంటే కాస్త పెద్దగా పడుతుంది. రూపాయి ఎంత పెరిగిందో చూసుకుంటే ఎముకా అంతే పెరిగిందని తెలుస్తుంది."

గోవిందరావు దగ్గరికి జరిగాడు. పేట్రన్ షాపులో పనిచేసినవాడు. ఇనుప సామాను పోత పొయ్యకముందు దాని రూపం చెక్కలో చెక్కి ఇవ్వడం అతని పని. బొమ్మ ఏదైనా సరే, మొదట కన్నార్పకుండా చూస్తాడు.

"పైది తొడ ఎముక, బాబాయ్. కిందిది పిక్క ఎముక. ఈ కిందిదాని తల చూడండి. సమంగా ఉందా?"

"నేదు. ఎనక్కి వాలు."

"ఇరవై ఏడు డిగ్రీలు. ఆ వాలు మీద తొడ ఎముక కూర్చుంటుంది. జారకుండా లోపల ఒక తాడు పట్టుకుని ఉంటుంది. లిగమెంటు అంటాం. దచ్చమ్మకి అది తెగిపోయింది. అడుగు వేసి బరువు పడగానే..."

"జారిపోద్ది. గ్రేడియంటు మీద బ్రేకు నేని వేగనునాగ."

డాక్టరు కళ్లజోడు తుడవడం ఆపాడు. "పది రోజుల్నుంచీ ఆ మాట కోసమే వెతుకుతున్నాను బాబాయ్."

"తెగిన తాడు మళ్లీ కట్టలేవా బాబూ?" అంది జోగమ్మ.

"చిన్న కుక్కకైతే కట్టొచ్చు పిన్నీ. దీని బరువుకి మళ్లీ తెగుతుంది. అందుకని తాడు జోలికి పోను. వాలే తగ్గిస్తాను."

"గ్రేడియంటే తీసీసినాక బ్రేకుతో పనేటి!" అన్నాడు గోవిందరావు. అతని ముఖం వెలిగిపోయింది.

డాక్టరు పల్చటి కాగితం పరిచాడు. రూపాయి లెక్క చూసుకుని ఎముకని అసలు కొలతకి తగ్గించి గీసిన బొమ్మ. స్కూలు పిల్లల జామెట్రీ పెట్టె పక్కనే తెరిచి ఉంది. ఎముక తలకి కాస్త కింద, ముందువైపు వెడల్పుగా మొదలై వెనక కొసకి సన్నబడే ముక్క ఒకటి ఎర్ర పెన్సిలుతో గీశాడు. పుచ్చకాయ ముక్కలా ఉంది. ఆ ముక్క కోసి తీసేసి, తెరుచుకున్న నోరు మూసేస్తే ఎముక తల ముందుకి వంగి వాలు తగ్గుతుంది. మూసిన నోరు మళ్లీ తెరుచుకోకుండా స్టీలు ప్లేటు, ఆరు మరలు.

"పూర్తిగా సమం సేసెస్తావా?"

"లేదు. అయిదు డిగ్రీలు వెనక్కి వాలు ఉండాలి. ఎక్కువ తీస్తే ముందుకి జారడం మొదలవుతుంది. వెనకాల ఇంకో తాడుంది, అదీ తెగుతుంది. అప్పుడిక నేను చెయ్యగలిగింది ఏమీ లేదు." తల వంచుకుని అన్నాడు. "మా ప్రొఫెసరు గారు చేస్తుంటే రెండుసార్లు పక్కన నిలబడ్డాను. నా చేత్తో చెయ్యలేదు. ఎల్లుండి కొయ్యబోయే ముందు ఒకసారి చెక్క మీద కోసి చూసుకుంటే ధైర్యంగా ఉంటుంది. చెక్కి ఇస్తారా?"

గోవిందరావు ముక్క వెడల్పు కొలిచాడు. మిల్లీమీటర్లు అతనికి పరాయివి. అతని కొలత సూతు, అంగుళంలో ఎనిమిదో వంతు.

"మూడు సూతులు," అన్నాడు. "రేపు సాయంత్రానికి ఇచ్చెస్తాను."

లేచేటప్పుడు జోగమ్మ వెనక గదిలోకి వెళ్లింది. దచ్చమ్మ మత్తులో పడుకుని ఉంది. పక్కన సంచి. డాక్టరు దగ్గర పనిచేసే దేవమణి పాత చీర తీసి అప్పటికే దాని తల కింద పెట్టింది. పసుపుకొమ్ము దొరికినా నవ్వలేదు, జాగ్రత్తగా కిటికీలో పెట్టింది.

"నాను వొస్తానే," అంది జోగమ్మ కుక్క చెవిలో.

శుక్రవారం పొద్దున్నే గోవిందరావు వసారాలో చాప వేశాడు. రిటైరైన రోజు తెచ్చి మంచం కిందికి తోసిన పనిముట్ల పెట్టె బయటికి లాగాడు. ఉలులు నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి బొటనవేలి గోటి మీద ఆనించి పదును చూశాడు. మెత్తటి చెక్క ముక్కలు రెండు ఏరాడు.

"రెండెందుకు?" జోగమ్మ కుట్టు మిషను దగ్గర నుంచి అడిగింది. చిలకమ్మ జాకెట్టు కత్తిరిస్తోంది.

"ఒకటి ఎప్పుడూ పోతాది."

"అలగనకు!"

"సెక్కముక్క గురించి అన్నానే!"

కాగితం మీది గీత చెక్క మీదికి దించాడు. బాడితతో మోటుగా చెక్కి, ఉలి పట్టాడు. చెక్కపేళ్లు ఉంగరాలు చుట్టుకుని చాప మీద రాలాయి. మధ్యాహ్నానికి చెక్కలోంచి ఎముక తల బయటపడింది, దాని కింద సన్నటి నడుము. అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసేవాడు, తన కాలి పిక్క తడుముకునేవాడు, మళ్లీ చెక్కేవాడు. ఎముక తల మీద వెనక్కి వాలుగా ఒక సన్నటి గాడి తీశాడు. పెట్టె అడుగు నుంచి బఠాణీ గింజంత బేరింగు గుండు తీసి ఆ గాడిలో పెట్టాడు. గుండు గిర్రున వెనక్కి దొర్లి చాప మీద పడింది.

"సూసినావేటే! ఇదే మన దచ్చమ్మ జబ్బు. ఈ గుండు పరిగెట్టకూడదు. మెల్లగా ఎల్లాల."

రిటైరైన పద్నాలుగు నెలల తర్వాత అతను పాట పాడడం విన్నది ఆమె. సగం హిందీ, సగం తెలుగు, షాపులో సుత్తుల చప్పుడు మధ్య పాడుకునే పాట. భోజనానికి మూడుసార్లు పిలిస్తే వచ్చాడు. ఎంగిలి చేత్తోనే మళ్లీ చాప వైపు చూశాడు. జోగమ్మకి సంతోషంగానే ఉంది. అయినా పొయ్యిగట్టు మీద బోర్లించిన మూత చూసింది. ఇద్దరికే అన్నం వండిన గిన్నె చూసింది.

సాయంత్రానికి రెండు ఎముకలు, వాటి మీద పెట్టి గుర్తు పెట్టుకోవడానికి ఒక చెక్క ముక్క తయారయ్యాయి. ముక్కని గరుకు కాగితంతో నున్నగా తోమి, మైనం రుద్దాడు.

ఆసుపత్రిలో డాక్టరు బల్లకి మొదటి ఎముక బిగించాడు. గోవిందరావు చేసిన ముక్కని దాని పక్కన ఆనించి పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. ఆపరేషనుకి వాడే చిన్న రంపం తీశాడు. దేవమణి దీపం పట్టుకుంది. పై గీత వెంట, తర్వాత కింది గీత వెంట కోశాడు. ముక్క ఊడి వచ్చింది. నోరు మూశాడు, ఇనుప పట్టుతో బిగించాడు.

"గుండు పెట్టండి బాబాయ్."

గోవిందరావు గాడి మధ్యలో గుండు పెట్టి వేలు తీశాడు.

గుండు ముందుకి దొర్లింది. బల్ల మీద పడి, నేల మీద పడి, బీరువా కిందికి పోయింది.

బయట బస్సువాడు మేదినీపూర్, మేదినీపూర్ అని అరుస్తున్నాడు. దేవమణి వంగి గుండు వెతికి ఇచ్చింది. మళ్లీ పెట్టారు. మళ్లీ ముందుకే.

డాక్టరు కళ్లజోడు తీశాడు. తుడవడం మర్చిపోయి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. "నా లెక్క తప్పింది," అన్నాడు. "ఎక్కడ తప్పిందో కూడా తెలియడం లేదు. ఇదే రేపు ఎముక మీద జరిగి ఉంటే... వద్దు పిన్నీ. నేను చెయ్యను. నన్ను క్షమించండి."

"మరి దానికి?"

మేకుకి గుచ్చిన ఉత్తరం జోగమ్మ కళ్ల ముందు ఆడింది.

ఆమె చేతులు ఊరికే ఉండలేవు. భయం వేస్తే ఏదో ఒకటి మడత పెడతాయి. బల్ల మీద ఉన్న పల్చటి కాగితం తీసి మడతపెట్టబోయింది. పక్కనే గోవిందరావు చేసిన ముక్క ఉంది. రోజంతా జాకెట్టు గుడ్డ మీద కాగితం కొలత పెట్టి కత్తిరించిన చేతులు. అలవాటుగా కాగితాన్ని ముక్క మీద పరిచింది.

ఎర్రగీతకి బయట చెక్క కనిపించింది.

"ఏటయ్యా ఇది?"

"ఏటి?"

"బాబు గీసిన గీత ఇక్కడున్నాది. నీ సెక్క ఇక్కడిదాకా ఉన్నాది. కుట్టుకి వొదిలినట్టు వొదిలినావేటి?"

గోవిందరావు వంగి చూశాడు. బొటనవేలు గోటితో కొలిచాడు. ఒక సూతు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మషీనింగుకి వొదిలినాను," అన్నాడు నెమ్మదిగా.

"అంటే?" అన్నాడు డాక్టరు.

"పోత పోసినాక లేతు మీద పెట్టి నున్నగా తిప్పుతారు బాబూ. తిప్పితే అరుగుద్ది. అందుకని పేట్రన్ మీద సూతు ఎక్కువ వొదిలి సేస్తాం. వొదలకపోతే ఫోర్‌మేను తిట్టీవోడు. ముప్పై ఆరేళ్లు వొదిలినాను. ఇక్కడా వొదిలీసినాను. సెయ్యి వొదిలీసినాది, నాకు తెలీకండా."

"ఎముకని లేతు మీద ఎవులు తిప్పుతారయ్యా!" అంది జోగమ్మ.

మొదట నవ్వింది దేవమణి. దీపం ఊగింది. తర్వాత డాక్టరు, ఆపుకోలేక, కళ్లజోడు లేని ముఖంతో చిన్నపిల్లాడిలా నవ్వాడు. గోవిందరావు సిగ్గుతో తల గోక్కుంటూ నవ్వాడు. వెనక గదిలోంచి దచ్చమ్మ ఒకసారి మొరిగింది.

గోవిందరావు ఆకురాయి అడిగి తీసుకున్నాడు. అక్కడే నేల మీద కూర్చుని ముక్కని అరగదీశాడు. రెండు తోపులకి ఒకసారి కాగితం మీద పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా మూడు సూతులకి వచ్చాక ఊది, బల్ల మీద పెట్టాడు. డాక్టరు రెండో ఎముక బిగించి గీతలు గీశాడు. రంపం అందుకున్నాడు.

"బాబూ," అంది జోగమ్మ. "ఒక్క మాట. నాకు తెలీక అడుగుతన్నాను, తప్పైతే ఒగ్గీ. కత్తెర గుడ్డని తినదు. రంపం తింటాది కదా?"

డాక్టరు చేతిలో రంపం ఆగింది. కింద పొట్టు ఉంది. ఇందాకటి కోతలో రాలిన పొట్టు. వేలితో తాకి చూశాడు. ఇందాక గీతకి బయటి పక్క కోశాడు, రెండువైపులా రంపం మందం అంత నోరు పెద్దదయింది.

"పుస్తకంలో ఇది లేదు పిన్నీ," అన్నాడు. "ఉండే ఉంటుంది, నేను చదివి ఉండను."

గీతకి లోపలి పక్కన రంపం ఆనించి కోశాడు. నోరు మూశాడు. పట్టు బిగించాడు. ఈసారి గుండు గోవిందరావు పెట్టలేదు. జోగమ్మ చేతికిచ్చాడు.

ఆమె వేలు తీసింది. గుండు కాసేపు ఉన్నచోటే ఉంది. తర్వాత, వెళ్లాలో వద్దో తేల్చుకోలేని ముసలిదానిలా, మెల్లగా వెనక్కి బయల్దేరింది.

డాక్టరు కోణమానిని పెట్టి చూశాడు. "అయిదు," అన్నాడు. మళ్లీ చూశాడు. "అయిదు, అయిదున్నర."

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి తలుపు మూశారు. జోగమ్మ, గోవిందరావు రోడ్డు వారనున్న బెంచీ మీద కూర్చున్నారు. ఆటోలు, బస్సులు, సైకిలు మీద కోళ్లగంపలు, స్కూలు పిల్లలు. గోవిందరావు మూడుసార్లు టీ తాగాడు. జోగమ్మ గ్లాసు పట్టుకునే ఉంది, అది చల్లారిపోయింది. తొమ్మిదిన్నరకి దేవమణి తలుపు సగం తెరిచి, "ముక్క వొచ్చేసింది, మరలు వేస్తున్నారు," అని మళ్లీ మూసింది. పదిన్నర అయింది. పదకొండు అయింది.

పదకొండుంపావుకి డాక్టరు బయటికి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో చిన్న స్టీలు గిన్నె. లోపల ఎముక ముక్క.

"బాబాయ్, మీ చెక్కముక్క ఏది?"

నిన్న డాక్టరు కొలత తీసుకుని తిరిగిచ్చిన ముక్కని గోవిందరావు జేబులోంచి తీసి పక్కన పెట్టాడు. రంపం తిన్నంత తప్ప, రెండూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒకటి మైనం రుద్దిన చెక్క, ఒకటి గులాబి రంగు ఎముక. గోవిందరావు చాలాసేపు చూశాడు. ముప్పై ఆరేళ్లలో అతను చెక్కిన అచ్చులు ఎన్నో ఇంజన్లలోకి వెళ్లాయి. వాటిలో ఒక్కటీ ఇలా పక్కన పెట్టి చూసుకోలేదు.

"దచ్చమ్మో?" అంది జోగమ్మ.

"పడుకుంది. లేవగానే ఆకలేస్తుంది. గిన్నె ఉంది కానీ దాని మూత కనబడడం లేదట, దేవమణి అడుగుతోంది."

"ఇంట్లో ఉన్నాది బాబూ," అంది జోగమ్మ, కొంగుతో ముఖం దాచుకుని. "గిన్నే అక్కడికొస్తాది."

అయిదో రోజున గిన్నె ఇంటికి వచ్చింది. సైకిలు బండి మీద, దచ్చమ్మ పక్కన.

ఫిబ్రవరి పంతొమ్మిది, ఆదివారం. జోగమ్మ మళ్లీ అదే ఖాకీ సంచి సర్దింది. నేతచీర, ఉతికి మడతపెట్టింది. మేరీ బిస్కట్లు. డాక్టరు రాసిచ్చిన కాగితం: ఎముక అతుక్కుంది, ఇక ఎంతైనా నడవొచ్చు. గిన్నె పెట్టింది. పొయ్యిగట్టు దగ్గరికి వెళ్లి మూత తీసుకుంది, కొంగుతో తుడిచింది, తీసుకొచ్చి గిన్నె మీద పెట్టి మూసింది.

గోవిందరావు చూశాడు. కాసేపటికి, "ఈ ఒక్కపూటా కుంటమని సెప్పరాదేటే దానికి?" అన్నాడు.

"కుంటితే సూదేస్తారు."

"అవును కదా," అన్నాడు.

చిలకమ్మ గుమ్మంలోనే ఉంది. ఆ రోజు వెటకారం ఏమీ ఆడలేదు. కుక్క తల నిమిరి, "ఎల్లిరాయే," అంది.

స్టేషనులో మెయిలు గంట ఆలస్యం. వచ్చి ఆగేసరికి ప్లాట్‌ఫారం అంతా కూలీలు, పెట్టెలు, చాయ్ చాయ్ అనే కేకలు. మేమ్‌సాహెబ్ ఏ పెట్టెలో వస్తుందో ఉత్తరంలో రాయలేదు. ఇంజను కొస నుంచి మొదలుపెట్టారు. గోవిందరావు ముందు, కిటికీల్లోకి చూస్తూ. వెనక జోగమ్మ, ఒక చేతిలో సంచి, ఒక చేతిలో తాడు. పక్కన దచ్చమ్మ.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఒక కొస నుంచి రెండో కొసకి నడిస్తే మనిషికే కాళ్లు పీకుతాయి. మొదటి నాలుగు పెట్టెలదాకా జోగమ్మ దిగేవాళ్ల ముఖాలు చూసింది. బెంగాలీ చీర కనిపించినప్పుడల్లా తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. అయిదో పెట్టె దగ్గర కిందికి చూసింది. వెనక ఎడమకాలు నేల మీద పూర్తిగా ఆనుతోంది. పాదం మొత్తం. సిమెంటు మీద గోళ్లు టకటకమంటున్నాయి, నాలుగూ ఒకే చప్పుడు. ఆరో పెట్టె, ఏడో పెట్టె. ఆమె ఇక ముఖాలు చూడలేదు. ఆ కాలే చూస్తూ నడిచింది. దచ్చమ్మ పూరీల బండి వాసన పట్టి లాగింది. లాగినప్పుడు బరువంతా ఆ కాలి మీదే వేసింది. జోగమ్మ దాని వెనక పరుగులాంటి నడక నడవాల్సి వచ్చింది. యాభై ఎనిమిదేళ్లకి ఆమె ప్లాట్‌ఫారం మీద పరిగెత్తింది.

గార్డు పెట్టె దగ్గర గోవిందరావు ఆగి ఉన్నాడు.

"రానేదు," అన్నాడు.

"సరిగ్గా సూసినావేటి?"

"అన్ని పెట్టెలూ సూసినాను."

"ఏసీ పెట్టె?"

"అందులోంచి దిగినోడు టీటీ ఒక్కడే."

ఈల వేశారు. బండి కదిలింది. వెళ్లిపోయే బండి వెనక ఎర్రదీపం జోగమ్మ ఎప్పుడూ చూడదు. ముఖం తిప్పేసుకుంటుంది. ఈసారి చూసింది. చిన్నదై, చుక్కై, ఆరిపోయేదాకా చూసింది. అందులో వాళ్లవాళ్లు ఎవరూ లేరు.

"రేపొస్తాదేమో," అంది.

"రేపు ఆదివారం కాదు."

ఆమె బెంచీ మీద కూలబడి సంచి తెరిచింది. బిస్కట్ల పొట్లం చింపింది. దచ్చమ్మకి ఒకటి, గోవిందరావుకి ఒకటి, మళ్లీ దచ్చమ్మకి ఒకటి. నవ్వు వచ్చింది. ఎందుకు నవ్వుతున్నావే అంటే చెప్పలేక, గిన్నె మీది మూత తీసి చూపించింది. అతనికీ నవ్వు వచ్చింది. కూలీ ఒకడు ఆగి ఈ ముసలివాళ్లకి ఏమైందోనని చూసి వెళ్లిపోయాడు.

ఇంటికి నడిచే వచ్చారు. దచ్చమ్మ ముందు నడిచింది. సంచిని జోగమ్మ ఉల్లిపాయలకి వాడుకుంది. మూత గిన్నె మీద ఉంది. ఈసారి సగం ఇంట్లో ఉంచకపోయినా దచ్చమ్మ తిరిగొచ్చింది; వమ్మయిన నమ్మకాల లెక్కలో నాలుగోది చేరింది. ఆ మాట మాత్రం ఆమె అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ చెప్పేది.

మేమ్‌సాహెబ్ ఆ ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. 1994 అక్టోబరు 17, సోమవారం నాడు ఆషి అని జీపెక్కిన మనిషి మళ్లీ ఖరగ్‌పూర్ రాలేదు.